చెప్పిన వేళకు పని: చేతివృత్తుల్లో మాట నిలబడేది ఎలా?

దాతలు ఇచ్చే సొమ్ములో కొంత భాగం పనిముట్ల రూపంలో పేద ఇళ్ళకు చేరుతుంది. ఒక వితంతు సోదరికి కుట్టుమిషన్, ఒక యువకుడికి ఏసీ, ఫ్రిజ్ మరమ్మతు శిక్షణ ఫీజు, ఇంకొకరికి వెల్డింగ్ సెట్టు, మరొకరికి ప్లంబింగ్ సామాన్ల పెట్టె. బియ్యం బస్తా ఒక నెలలో అయిపోతుంది. పనిముట్టు ఇంటిని ఏళ్ళ తరబడి నిలబెడుతుందన్న ఆశతోనే మనం ఈ దారి ఎంచుకున్నాం.

ఆ ఆశ నెరవేరడానికి చేతిలో పనితనం ఒక్కటే చాలదు. "పని బాగా చేస్తాడండీ, కానీ చెప్పిన వేళకు రాడు" అన్న మాట ఒకసారి వీధిలో పడిందంటే చాలు, ఆ కొట్టుకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా పక్క కొట్టుకు మళ్ళుతారు. మిషన్ బాగానే ఉంటుంది, చెయ్యి బాగానే ఉంటుంది, గిరాకీ మాత్రం ఉండదు. దాత ఇచ్చిన సొమ్ము అక్కడితో ఆగిపోతుంది. అందుకే సమయపాలనను మేము మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా చూడడం లేదు. ఒక కుటుంబం తిండికి సంబంధించిన విషయంగా చూస్తున్నాం. పనివాళ్ళు చెప్పిన వేళకు ఎందుకు రాలేకపోతున్నారు, దాన్ని మార్చడం ఎలా అన్నది ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తాం.

మనకు వేళ తెలియదా?

ఈ విషయం ఎత్తగానే చాలామంది "మనవాళ్ళ రక్తంలోనే లేదండీ" అని తేల్చేస్తారు. ఈ తీర్పు ఎంతవరకు నిజమో ముందు చూద్దాం.

రంజాన్ నెలలో ప్రతి ఇంటి గోడ మీదా సహరీ, ఇఫ్తార్ వేళల పట్టిక వేలాడుతుంది. అందులో వేళలు నిమిషాలతో సహా ఉంటాయి. విశాఖపట్నంలో సూర్యుడు హైదరాబాదు కంటే సుమారు 19 నిమిషాల ముందు అస్తమిస్తాడు కాబట్టి ఏ ఊరి పట్టిక ఆ ఊరిదే. ఖర్జూరం చేతిలో పట్టుకుని, ఒక్క నిమిషం ముందు నోట్లో వేసుకోని పిల్లవాడు కూడా మన ఇళ్ళలో ఉన్నాడు. మన పొరుగు హిందూ కుటుంబాల శుభలేఖ చూడండి. ముహూర్తం రాత్రి ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు అని అచ్చవుతుంది. ఆ నిమిషం దాటకుండా పురోహితుడు తొందరపెడతాడు. పాలవాడు తెల్లవారక ముందే వస్తాడు. ఆర్టీసీ మొదటి బస్సు అందుకోవడానికి కూరగాయలమ్మే తల్లి నాలుగింటికే లేస్తుంది. చార్మినార్‌కు గడియారాలు అమర్చింది 1889లో. గడియారం మనకు కొత్తదేమీ కాదు.

అయితే ఇదే మనం, ఇషా తర్వాత భోజనాలు అని కార్డులో అచ్చువేసిన దావత్‌కు ఎన్నింటికి బయలుదేరుతామో చెప్పనక్కరలేదు. ఇఫ్తార్ దగ్గర నిమిషం తప్పని మనిషి వలీమా దగ్గర రెండు గంటలు తప్పుతాడు. అంటే లోపం రక్తంలో లేదు. ఎక్కడ వేళ తప్పితే నష్టం వెంటనే, అందరికీ కనిపిస్తుందో అక్కడ మనం నిమిషం తప్పం. ఎక్కడ తప్పినా ఏమీ కాదని అందరూ ముందే ఒప్పుకున్నారో అక్కడ తప్పుతాం.

ఇతర దేశాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. సమయపాలన అనగానే మనకు గుర్తొచ్చేది జపాన్. 2017 నవంబరులో టోక్యో దగ్గర నడిచే త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు ఒక స్టేషన్ నుంచి 20 సెకన్లు ముందు బయలుదేరిందని ఆ సంస్థ ప్రజలకు క్షమాపణ చెప్పింది. కానీ అదే జపాన్‌కు 1857లో నౌకా శిక్షణ ఇవ్వడానికి వెళ్ళిన కాటెన్‌డైక్ అనే డచ్ అధికారి, అక్కడివాళ్ళు చెప్పిన వేళకు సామాను తేరని, తీరికగా పని చేస్తారని విసుక్కుంటూ రాసుకున్నాడు. 1872లో అక్కడ మొదటి రైలు మార్గం మొదలైంది. 1873లో కొత్త క్యాలెండర్ వచ్చింది. బడులు, ఫ్యాక్టరీలు గంట ప్రకారం నడిచాయి. 1920 జూన్ 10న సమయ దినం జరిపి, వేళ పాటించడం గురించి ప్రజలకు ప్రత్యేకంగా నేర్పారు. రెండు మూడు తరాల్లో ఒక జాతి అలవాటు మారిపోయింది.

ఇంగ్లండు కథ కూడా అంతే. అక్కడి నేతగాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు వంటి చేతివృత్తులవాళ్ళు చాలాకాలం సోమవారాన్ని అనధికార సెలవుగా గడిపి, వారం చివర రాత్రింబవళ్ళు పని చేసి లెక్క సరిచేసేవారు. చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్ 1967లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని వివరంగా చర్చించాడు. చాంద్ రాత్ దాకా మిషన్ తొక్కే మన దర్జీకీ ఆనాటి ఇంగ్లీషు నేతగాడికీ పెద్ద తేడా లేదు. ఏర్పాటు మారినప్పుడు అలవాటూ మారుతుంది.

ఎదురుగా ఉన్న మనిషి, ఎదురుగా లేని మనిషి

ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1950ల చివరి నుంచి చేసిన రచనల్లో సమయం గురించి ఒక ఉపయోగకరమైన విభజన చేశాడు. కొన్ని సమాజాల్లో ఒక వేళకు ఒకే పని. డైరీలో రాసుకున్నదే ముందు, మిగతాదంతా తర్వాత. మరికొన్ని సమాజాల్లో ఒకే వేళకు నాలుగు పనులు నడుస్తాయి. ఎదురుగా వచ్చిన మనిషికే ముందు చోటు. మన కొట్లు ఎక్కువగా రెండో రకానివి.

ఒక దర్జీ కొట్టులో పది నిమిషాలు కూర్చుంటే ఇది తెలుస్తుంది. అతను బట్ట కత్తిరిస్తుంటాడు. పక్కింటి అవ్వ బుర్ఖా జిప్పు ఊడిందని వస్తుంది. ఆమెను తిప్పి పంపడం బాగుండదు. అంతలో బడి యూనిఫాం గుండీ కోసం ఒక పిల్లవాడు. తర్వాత దూరపు బంధువు, అతనికి చాయ్. ప్రతి ఒక్కటీ మంచి పనే, మర్యాదే. కానీ ఈ గంటసేపు అతను చేసిన మర్యాదలకు మూల్యం చెల్లించినవాడు ఒకడున్నాడు. సాయంత్రం చొక్కా తీసుకెళ్ళమని చెప్పించుకున్న మనిషి. అతను అక్కడ లేడు కాబట్టి అతని తరఫున మాట్లాడేవాడు లేడు. ఎదురుగా ఉన్నవాడికి ఇచ్చే మర్యాద, లేనివాడికి ఇచ్చిన మాటను తినేస్తుంది. మన సంస్కృతిలో ఆదరణ ఎక్కువన్నది నిజమే. ఆ ఆదరణ ఎదుట లేని మనిషికి కూడా చేరాలి. అంతే కావలసింది.

"రేపు" అనే మాట

మన మాటల తీరు కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. ఉర్దూలో "కల్" అంటే నిన్న కూడా, రేపు కూడా. ఇక హైదరాబాదీ "పర్సోం" సంగతి అందరికీ తెలిసిందే. మొన్న జరిగిందైనా, మూడేళ్ళ క్రితం జరిగిందైనా పర్సోమే. తెలుగులో నిన్నకూ రేపుకూ వేరువేరు మాటలున్నాయి. అయినా "అప్పు రేపు" అని బోర్డు పెట్టిన కిరాణా కొట్టులో ఆ రేపు ఎప్పుడూ రాదని మనందరికీ తెలుసు. అక్కడ "రేపు" అంటే "ఇవ్వను" అని మర్యాదగా చెప్పడమే.

మెకానిక్ నోటి నుంచి వచ్చే "రేపు రండి సార్" కూడా చాలాసార్లు ఇలాంటిదే. అతను తేదీ చెప్పడం లేదు. "మీ పని నేను కాదనను, కోప్పడకండి" అని చెబుతున్నాడు. వినేవాడు మాత్రం తేదీగానే వింటాడు. "దారిలో ఉన్నా", "ఐదు నిమిషాల్లో వస్తా" అన్న మాటలూ అంతే. చెప్పేవాడికి అవి ఓదార్పు, వినేవాడికి ఒప్పందం. "అసర్ తర్వాత వస్తా" అన్నదీ చూడండి. చెప్పేవాడి మనసులో అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఎప్పుడైనా అని. వినేవాడు నమాజు ముగిసిన పది నిమిషాలకే గుమ్మంలో నిలబడతాడు.

దీని వెనకున్నది మన తెలుగువాళ్ళందరికీ తెలిసిన మొహమాటం. ఎదుటివాడి ముఖం మీద "కుదరదు" అనలేక "అలాగే" అనేస్తాం. ఆ క్షణం గడిచిపోతుంది. నాలుగు రోజుల తర్వాత ఆ "అలాగే" అబద్ధంగా మారుతుంది.

ఇక్కడ "ఇన్షా అల్లాహ్" గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. రేపు ఫలానా పని చేస్తాననే మాటకు అల్లాహ్ తలిస్తే అన్న షరతు జోడించాలన్న బోధ కహఫ్ సూరాలో ఉంది. మన చేతిలో లేనిది ఉందని ఒప్పుకునే వినయం అది. చేయదలచుకోని పనికి తగిలించే సాకు కాదు. మాట ఇచ్చి తప్పడాన్ని కపట లక్షణాల్లో ఒకటిగా హదీసులు లెక్కించాయి. నిజంగా చేయాలన్న సంకల్పం, దానికి తగిన ఏర్పాటు ఉన్నప్పుడే ఆ పవిత్రమైన మాట పలకాలి. ఒక కస్టమర్ "ఇన్షా అల్లాహ్ అన్నాడంటే ఇవాళ రాడులే" అని నవ్వే పరిస్థితి వస్తే, పోయేది ఒక దర్జీ పరువు మాత్రమే కాదు.

లెక్క తప్పుతున్నది ఎక్కడ?

మాటల తీరు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం లెక్కలో ఉంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక దర్జీ రోజుకు మూడు కుర్తా పైజమా జతలు కుట్టగలడు. మొదటి రోజా నుంచి 27వ రోజా దాకా సెలవు లేకుండా కుడితే 81 జతలు. పదో రోజాకల్లా అతని దగ్గర 60 ఆర్డర్లు చేరాయి. జీతాలు, బోనసులు చేతికొచ్చాక చివరి పది రోజుల్లో ఇంకో 60 వచ్చాయి. మొత్తం 120. అతని చేతి సత్తువకు 39 జతలు ఎక్కువ, అంటే 13 రోజుల పని ఎక్కువ. అతను నిద్ర మానేసినా ఆ లెక్క సరిపోదు. ఆర్డరు తీసుకున్న నాడే 39 మందికి ఇచ్చిన మాట తప్పిపోయింది. ఆ సంగతి చాంద్ రాత్ నాడు బయటపడుతుందంతే.

మరి తెలిసీ ఎందుకు తీసుకుంటాడు? ఒకటి, బయానా. ఆ డబ్బుతోనే కొట్టు అద్దె, దారం, ఇంట్లో సహరీ ఖర్చు గడవాలి. రెండు, భయం. కాదంటే పక్క కొట్టుకు పోతాడు, మళ్ళీ రాడు. మూడు, గొలుసు. కాజాలు వేసేవాడు వేరు, మగ్గం పని చేసేవాడు వేరు. వాళ్ళలో ఒకరు ఆగితే మిగతా అందరూ ఆగాలి. నాలుగు, మనిషి స్వభావం. పని ఎంతసేపట్లో అవుతుందో అంచనా వేయడంలో మనుషులందరూ ఆశావాదులే. 1994లో ప్రచురించిన ఒక పరిశోధనలో కెనడా విశ్వవిద్యాలయ విద్యార్థులను తమ సిద్ధాంత వ్యాసం ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున సుమారు 34 రోజులు అన్నారు. పట్టింది సుమారు 55 రోజులు. చదువుకున్నవాళ్ళ అంచనా అది. కాబట్టి వెల్డింగ్ కుర్రాడు "గేటు శుక్రవారానికి ఇచ్చేస్తా" అన్నప్పుడు అతను అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కరలేదు. అన్నీ సవ్యంగా జరిగితే ఎప్పటికవుతుందో చెబుతున్నాడు. అన్నీ సవ్యంగా జరిగే వారం ఎప్పుడో గాని రాదు.

మరమ్మతు పనుల్లో ఇంకో చిక్కు ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణిత నిపుణుడు 1909లో క్యూల లెక్కలకు పునాది వేశాడు. ఒక్కడే మెకానిక్ ఉన్న షెడ్డుకు ఆ లెక్క వర్తింపజేద్దాం. బండ్లు చెప్పాపెట్టకుండా వస్తాయి. ఒక్కో పనికి సగటున ఒక గంట అనుకుందాం, కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి తక్కువ. అతని రోజులో సగం మాత్రమే పనితో నిండితే, వచ్చిన బండి తన వంతు కోసం సగటున ఒక గంట ఆగుతుంది. రోజులో 80 శాతం నిండితే నాలుగు గంటలు. 90 శాతం నిండితే తొమ్మిది గంటలు. 95 శాతం నిండితే 19 గంటలు. పని కొంచెమే పెరిగింది, ఆలస్యం మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. రోజంతా ఒక్క నిమిషం ఖాళీ లేకుండా పని పెట్టుకున్నవాడు చెప్పిన వేళకు ఇవ్వలేకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఈ లెక్కే. కొంత ఖాళీ ఉంచుకున్న పనివాడే మాట నిలబెట్టుకోగలడు. ఖాళీ అంటే నష్టం అనుకునేంతకాలం మన కుర్రాళ్ళకు ఈ బాధ తప్పదు.

ఆలస్యాన్ని మోసేది ఎవరు?

ఇప్పుడు దాతలతో, పెద్దలతో నేరుగా చెప్పుకోవలసిన మాట. పనివాడి ఆలస్యంలో సగం మన గుమ్మంలోనే పుడుతుంది.

పండుగకు పది రోజుల ముందు బట్ట ఇస్తాం. ఎలక్ట్రీషియన్‌ను పది గంటలకు రమ్మని, ఇంటికి తాళం వేసుకుని పెళ్ళి షాపింగుకు వెళతాం. అతను వచ్చి తిరిగి వెళ్ళిన అరగంటకు వెల ఉండదనుకుంటాం. పని అయ్యాక "డబ్బులు వచ్చేవారం తీసుకో" అంటాం. ఆ డబ్బు అందకపోతే అతను రెండో ఇంటికి కావలసిన వైరు కొనలేడు. అక్కడ అతను మాట తప్పుతాడు, తిట్లు అతనికి పడతాయి.

అన్నిటికంటే పెద్దది సిఫారసు. "భాయ్, నాది కాస్త ముందు చూడు" అని ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళు ఫోను చేస్తే ఏ దర్జీ కాదనగలడు? కానీ ఒక జత ముందుకు జరిగితే ఇంకో జత వెనక్కి జరుగుతుంది. వెనక్కి జరిగేది ఎవరిది? ఫోను చేయలేని రిక్షావాలా కొడుకుది. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని గట్టిగా మాట్లాడలేని తల్లి తెచ్చిన బట్ట. పండుగ ఉదయం ఈద్‌గాలో పాత చొక్కాతో నిలబడే పిల్లల్లో కొందరు బట్ట కొనలేక కాదు, వాళ్ళ వంతు మనలాంటి వాళ్ళకు పోయి అలా నిలబడతారు.

డాక్టరు దగ్గర కూడా ఇదే జరుగుతుంది. ఉదయం ఏడింటికే వచ్చి ఓపీ చీటీ రాయించుకున్న కూలి తల్లి మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది. మధ్యలో తెలిసినవాళ్ళు లోపలికి వెళుతుంటారు. ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. ఇంగ్లండులో ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల మీద వెల్చ్, బెయిలీ అనే ఇద్దరు 1952లో ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించారు. అందరినీ ఉదయాన్నే రమ్మనకుండా విడివిడిగా వేళలు ఇస్తే, డాక్టరు వేళకు మొదలుపెడితే, రోగుల నిరీక్షణ బాగా తగ్గుతుందని అందులో చూపించారు. దానికి యంత్రాలేమీ అక్కరలేదు, ఒక నోటుబుక్ చాలు. మన సంస్థలు నడిపే ఉచిత వైద్య శిబిరాలకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. వంద మందిని ఎనిమిదింటికి రమ్మనే బదులు గంటకు 20 మంది చొప్పున చీటీల మీద వేళ రాసి ఇవ్వవచ్చు.

ఎక్కడైనా ఎదురుచూసేది బలహీనుడే. ఎదురుచూడమని చెప్పగలిగేవాడు బలవంతుడు. వేళ పాటించడం న్యాయానికి సంబంధించిన విషయమని మేము అనడం ఇందుకే.

పనితనం మనది, వేళ వేరొకరిది

ఈలోగా బయట లోకం మారిపోతోంది. 2014లో అర్బన్‌క్లాప్ పేరుతో మొదలై ఇప్పుడు అర్బన్ కంపెనీగా పిలిచే సంస్థ వంటివి ఫోను యాప్ ద్వారా ఏసీ సర్వీసు, ప్లంబింగ్, బ్యూటీ పార్లర్ పని ఇంటికి పంపుతున్నాయి. కస్టమర్ వేళ ఎంచుకుంటాడు, ఆ వేళకు మనిషి వస్తాడు. ఆ వచ్చే మనిషి ఎక్కడి నుంచో దిగివచ్చినవాడు కాదు. మన బస్తీలో పెరిగిన కుర్రాడే కావచ్చు. అదే స్పానరు, అదే చెయ్యి. యాప్ అదనంగా అమ్ముతున్నది ఏమిటి? ధర ముందే తెలియడం, వేళ ముందే తెలియడం. ఆ రెండింటికీ కస్టమర్ డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ డబ్బులో ఒక వాటా యాప్‌కు పోతుంది.

దీన్నిబట్టి వేళకు విలువ ఉందని, అది రూపాయల్లో లెక్కించగలిగే విలువ అని తెలుస్తోంది. సొంత కొట్టు నడిపే మన యువకుడు ఆ ఒక్క నమ్మకాన్ని తనే ఇవ్వగలిగితే ఆ వాటా అతని ఇంటికే మిగులుతుంది. ఇవ్వలేకపోతే అతను ఇంకొకరి కింద పనిచేయవలసి వస్తుంది, లేదా దాతలు ఇచ్చిన పనిముట్లు అమ్ముకుని వేరే పని వెతుక్కోవలసి వస్తుంది.

పెద్ద చదువులు లేకుండానే ఇది సాధ్యమనడానికి ముంబయి డబ్బావాలాలు సాక్ష్యం. 1890 నుంచి వాళ్ళు ఇంటి భోజనాన్ని ఆఫీసులకు చేరుస్తున్నారు. కోవిడ్‌కు ముందు దాదాపు 5,000 మంది కలిసి రోజుకు సుమారు 2 లక్షల డబ్బాలు మోసేవారు. వాళ్ళ పద్ధతిలో గమనించవలసినవి నాలుగు. డబ్బా మీద గుర్తులు అందరికీ అర్థమయ్యేంత సులువు. ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలే అన్న హద్దు ఉంది. ఎవరికైనా జ్వరమొస్తే భర్తీ చేయడానికి ప్రతి గుంపులో అదనపు మనుషులు ఉంటారు. పదే పదే డబ్బా ఆలస్యంగా ఇచ్చే ఇంటిని వాళ్ళు వదులుకుంటారు, ఎందుకంటే ఒక డబ్బా కోసం ఆగితే రైలు తప్పి మిగతా అందరి భోజనం ఆలస్యమవుతుంది. హద్దు, ఖాళీ, కాదనే ధైర్యం. మన దర్జీ కొట్టులో లేనివి సరిగ్గా ఇవే.

ఏం చేయవచ్చు?

పనివాళ్ళు చేయగలిగినవి ముందు చెబుతాం. ఒక పెద్ద నోటుబుక్, పేజీకి ఒక రోజు. రోజుకు మూడు జతలు కుట్టగలిగితే పేజీలో మూడు గళ్ళు. గళ్ళు నిండితే ఆ రోజుకు ఆర్డరు లేదు, తర్వాతి పేజీకి వెళ్ళాలి. తేదీ నోటితో కాకుండా ఆ పుస్తకం చూసి చెప్పాలి. పుస్తకం చూపిస్తే మొహమాటం కూడా సగం తగ్గుతుంది, ఎందుకంటే కాదంటున్నది మనిషి కాదు, నిండిన పేజీ. వారంలో ఒక పూట ఏ ఆర్డరూ రాయకుండా వదిలేయాలి. కరెంటు పోయినా, పిల్లకు జ్వరమొచ్చినా ఆ పూటే ఆదుకుంటుంది. అవ్వల జిప్పులకూ గుండీలకూ రోజూ ఒక గంట విడిగా పెట్టి, ఆ వేళ కొట్టు ముందు రాసి పెట్టాలి.

పని ఎప్పటికవుతుందో ఆశతో కాకుండా అనుభవంతో చెప్పాలి. పోయినసారి ఇలాంటి గేటుకు ఎన్ని రోజులు పట్టింది? ఆరు రోజులైతే ఈసారీ ఆరే చెప్పాలి. నాలుగు రోజులు చెప్పి ఆరో రోజు ఇచ్చినవాడి కంటే, ఏడు చెప్పి ఆరో రోజు ఇచ్చినవాడికి మంచి పేరు వస్తుంది. ఇంటికి వెళ్ళే పనికి "పదింటికి" అనకుండా "పది నుంచి పన్నెండు మధ్య" అనాలి. బయలుదేరే ముందు ఒక ఫోను చేయాలి. ఆలస్యమయ్యేలా ఉంటే కస్టమర్ అడగకముందే చెప్పాలి. మనిషికి ఆలస్యం కంటే ఎక్కువ కోపం తెప్పించేది ఫోను ఎత్తకపోవడం.

ఇక కస్టమర్లుగా మనం చేయగలిగినవి. రంజాన్ బట్టలు షాబాన్ నెలలోనే ఇద్దాం. దర్జీ "ఈ తేదీకి కుదరదు" అంటే అతన్ని మెచ్చుకుని, కుదిరే తేదీ తీసుకుందాం. నిజం చెప్పినందుకు గిరాకీ పోగొట్టుకున్నవాడు రెండోసారి నిజం చెప్పడు. పని పూర్తయిన రోజే డబ్బు ఇద్దాం. పిలిచిన వేళకు ఇంట్లో ఉందాం. మన పరిచయాన్ని వంతు దాటడానికి వాడకుండా ఉందాం. దావత్ కార్డు మీద వేసిన వేళకు భోజనం వడ్డిస్తే వంటమాస్టరు, వడ్డించే కుర్రాళ్ళు ఆ రాత్రి వేళకు ఇల్లు చేరతారు. ఫంక్షన్ హాలు ఊడ్చే తల్లి తెల్లవారుజాము దాకా మేలుకోనక్కరలేదు.

మూడోది సంస్థలు చేయగలిగినది. కుట్టుమిషన్ ఇచ్చేటప్పుడు దానితోపాటు గళ్ళ నోటుబుక్, రసీదు పుస్తకం కూడా ఇవ్వాలి. వాటి ఖరీదు మిషన్ ధరలో చాలా చిన్న భాగం. కొత్త కొట్టుకు మొదటి రెండు మూడు నెలల అద్దె సాయంగా అందితే, బయానా కోసం అలవికాని ఆర్డర్లు తీసుకోవలసిన అవసరం ఆ యువకుడికి ఉండదు. మాట తప్పడం చాలాసార్లు ఆ మొదటి నెలల ఇబ్బందిలోనే మొదలై, తర్వాత అలవాటుగా మారుతుంది. శిక్షణ తరగతుల్లో కత్తిరించడం, కుట్టడంతోపాటు తేదీ చెప్పడం కూడా ఒక పాఠం కావాలి. "కుదరదు" అని మర్యాదగా ఎలా చెప్పాలో పిల్లల చేత పలికించి నేర్పాలి. మన పిల్లలకు కత్తెర పట్టడం కంటే ఆ మాట పలకడమే కష్టం.

దాతలకు మా విన్నపం

మీరు ఇచ్చిన ప్రతి రూపాయి ఒక ఇంటికి అన్నం పెట్టాలన్నదే మీ కోరిక. అన్నం పెట్టేది మిషన్ కాదు, ఆ మిషన్ మీద కూర్చున్న మనిషి మాట మీద ఊరికి కలిగే నమ్మకం. ఆ నమ్మకాన్ని విరాళంగా ఎవరూ ఇవ్వలేరు. అది ఒక్కో తేదీ నిలబెట్టుకుంటూ సంపాదించుకోవలసిందే. అయితే ఆ తేదీ నిలబెట్టుకునే వీలు కల్పించడం మాత్రం మన చేతుల్లో ఉంది.

వచ్చే షాబాన్‌లో మీ ఇంటి పండుగ బట్టలు మనం సాయం చేసిన కొట్లలోనే ఇవ్వండి. కుట్టే సోదరి తన పుస్తకం చూసి చెప్పిన తేదీని ఒప్పుకోండి. ఆ తేదీన వెళ్ళి, డబ్బు చేతిలో పెట్టి, బట్టలు తీసుకోండి. ఆమె చెప్పిన తేదీకి ఇచ్చిందని నలుగురితో చెప్పండి. జకాత్, సదఖాలు లెక్కగట్టి ఇచ్చే చేతులకు ఇది భారం కాదు. అల్లాహ్ మనందరికీ ఇచ్చిన మాట నిలుపుకునే శక్తిని, ఇతరులు తమ మాట నిలుపుకునేలా తోడ్పడే మనసును ప్రసాదించుగాక.